అడయారు ఒడ్డున వడల పంపకం

పరాయివాళ్ల పదోరోజు కర్మను ఒక్క టిఫిన్ క్యారియరుతో ఎలా చెడగొట్టవచ్చో నాకు తెలిసినంతగా మద్రాసులో ఇంకెవరికీ తెలియదు. ఏ రోజు సంగతి ఆ రోజే డైరీకెక్కించే నేను, ఆ ఆదివారం మాత్రం 'పార్కు. ఎండ బాగుంది' అని రాసి ఊరుకున్నాను. మిగతాది ఇప్పుడు చెబుతాను. నవ్వండి, కానీ మెల్లగా. పోయినాయన వింటాడు.

డెబ్భైల మొదట్లో మాట. కొత్తగా పెళ్లయింది. నా భార్య సుశీలను అడయారు నది ఒడ్డున ఒక పార్కుకు తీసుకువెళ్లాను. నీళ్ల పక్కన దుప్పటి పరిచి క్యారియరు మూత తీశానో లేదో, ఒక కాకి వాలింది. వడ ముక్క పైకి విసిరితే గాల్లోనే అందుకుంది. సుశీల పకపకా నవ్వింది. నా వల్ల ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఇక ఆగుతానా? సర్కసు కంపెనీ యజమానిలా లేచి నిలబడ్డాను. ఊళ్లో కాకులన్నీ పెళ్లి పంక్తికి వచ్చినట్టు వచ్చేశాయి.

కంచె అవతల, నది మెట్ల మీద ఎవరో "రా నాయనా, రా!" అని అరుస్తున్నారు. తండ్రిని భోజనానికి పిలుస్తున్నారనుకున్నాను. ఒక విధంగా అదీ నిజమే.

సుశీల నవ్వు ఠక్కున ఆగింది. "ఏమండీ, ఆపండి! ఆడ చూడండి. పిండం పెట్టుండారు. కాకులేమో అన్నీ ఈడ ఉండాయి."

చూశాను. అరిటాకులో పిండం. దాని ముందు గుండు చేయించుకున్న కొడుకు, కళ్లు మూసుకుని, ఎండకు నెత్తి మాడుతూ నిలబడి ఉన్నాడు. కాకి ముడితేనే పోయినవాడికి తృప్తి. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టే.

"చెల్లెల్ని పురిటికి పిలస్తా నాయనా!" అన్నాడు కొడుకు. కాకి రాలేదు.

"పేకాట మానేస్తా నాయనా!" పక్కనున్న స్నేహితులు ఉలిక్కిపడ్డారు. కాకి రాలేదు.

"ఇంకేందో ఉండాదప్పా. బాగా యోచన చెయ్," అన్నాడు పురోహితుడు.

తండ్రి తన మీద కోపంతోనే పోయాడని నమ్మి ఆ కొడుకు వెక్కుతున్నాడు. నాకు ప్రాణం చచ్చిపోయింది. గబగబా మూత వెయ్యబోయాను.

"మూసేయొద్దు నాయనా."

కంచె దాటి వచ్చిన ఒక ముసలమ్మ పక్కన నిలబడి ఉంది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"తప్పూ లేదు, ఏమీ లేదు. పోయింది నా మొగుడే. నన్ను ఎన్నూరులో మా అన్న ఇంటికి తోలేయాలని కోడలు చూస్తాండాది. మావాడు ఆ మాట మాత్రం ఎత్తడం లేదు. ఇంకొంచేపు వెయ్."

వేశాను. కాకులకు కాదు, యముడికి లంచం పెడుతున్నట్టు వేశాను. ఆఖరి వడ తుంచుతుండగా కొడుకు భోరుమన్నాడు.

"అమ్మను ఏడికీ పంపను నాయనా! నా ఇంట్లోనే పెట్టుకుంటా!"

"సరి, ఇప్పుడు మూసెయ్," అంది ముసలమ్మ.

మూశాను. కాకులు గుంపుగా అటు ఎగిరాయి. "ముట్టినాడు! నాయన ముట్టినాడు!" అని అక్కడ అందరూ ఏడ్చారు. అందరికంటే గట్టిగా ముసలమ్మే ఏడ్చింది.

కాబట్టి పాఠకులారా, సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కనుచూపుమేరలో గుండ్లు లేవని రూఢి చేసుకోనిదే నది ఒడ్డున క్యారియరు మూత తీయను. ఒకవేళ ఉంటే, ముందు ఆ ఇంటి ముసలమ్మ అనుమతి తీసుకుంటాను.