గుండు పేల్చనివాడి పతకం

యుద్ధంలో ఒక్క గుండు కూడా పేల్చనివాడికి పతకం ఎందుకిస్తారో మీరెప్పుడైనా ఆలోచించారా?

నా చిన్నప్పుడు, పెనుబల్లి దాటాక అడవి అంచున ఉన్న మా ఊరి బడిలో గోడపత్రిక ఉండేది. వార్తలు రాసేది నేను. ఒకసారి పక్క గూడెంలో ఆరు గుడిసెలు కాలిపోయాయి. పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరిందని, మా ఇంట్లో భోంచేసే ఫారెస్టు గార్డు చెప్పాడు. గూడేనికి వెళ్లకుండానే, కళ్లారా చూసినట్టు రాసేశాను.

మా సోషల్ సారు అది చదివి, పాలడబ్బా మూతకు పిన్నీసు గుచ్చి నా చొక్కాకు తగిలించారు. "ఏం రాసిండ్రా మనోడు!" అన్నారు. రెండు రోజులు దాన్ని విప్పలేదు. "కలెక్టరు దొర వస్తుండు, జరుగుండ్రి" అని తోటివాళ్లు ఎగతాళి చేసినా నాకు గర్వమే.

మూడో రోజు మధ్యాహ్నం సారు పాఠం ఆపి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక జర్మన్ విలేకరి బతుకు చెప్పారు. రాత బాగుందని సైన్యం అతన్ని చేర్చుకుని కెమెరా, టైపు మిషను ఇచ్చిందట. కాలుతున్న పల్లెల పక్కనే నడుస్తూ, అధికారులు చెప్పినట్టు విజయమని రాశాడట. ఛాతీ మీదికి శిలువ పతకం వచ్చింది. దేశం ఓడినా అతని కొలువు పోలేదు. మరో పత్రికలో చేరి, ముసలివాడై, మంచం మీదే కన్నుమూశాడు.

"తుపాకీ ముట్టలె. ఎవర్నీ కొట్టలె. రాసిండు, గంతే" అంటూ సారు నా వైపు చూశారు.

వెనక వరసలోంచి గూడెం పిల్ల లేచింది. "ఆ పొద్దు మా పొయ్యి ముట్టియ్యనే లేదు సారూ. ఇంట్ల గింజలేడున్నయ్? గార్డులే అంటువెట్టిండ్రు."

ఆ మూత మెప్పు కాదని అప్పుడర్థమై పీకేశాను. ఆ సాయంత్రమే ఆ పిల్ల వెంట గూడేనికి వెళ్లి, ప్రతి బూడిదకుప్ప ముందూ నిలబడి అడిగి, కొత్త వార్త రాశాను. కానీ విచారణకొచ్చిన రెవెన్యూ అధికారి, గిర్దావరు, ఆ రోజు ఉదయమే బడికొచ్చి పాత వార్తను ఎత్తి రాసుకుపోయాడట. తప్పు గూడెంవాళ్లదేనని సర్కారు కాగితాల్లోకెక్కింది. గుడిసెలు మళ్లీ వేసుకోనివ్వలేదు. వారంలో గూడెం ఖాళీ. ఆ పిల్ల ఎటు పోయిందో నాకిప్పటికీ తెలియదు. నాకు బుద్ధి చెప్పడానికి రెండు రోజులు ఆగినందుకు సారు బతికినంతకాలం కుమిలిపోయారు.

పెద్దయ్యాక పత్రికల్లో రాస్తూ బాబాలతో వాదించాను, దొరలతో వాదించాను, చాలాసార్లు నెగ్గాను. ఆ గూడెం దగ్గర మాత్రం ఓడిపోయే ఉన్నాను. వెళ్లి అడగనిదే ఒక్క వాక్యమైనా రాయలేని భయం నాలో మిగిలింది. అది పోకూడదనే కోరుకుంటాను.

రేపు ఎవరివో ఇళ్లు కాలాయని, తప్పు వాళ్లదేనని మీ ఫోనుకు వార్త వస్తుంది. దాన్ని ఇంకొకరికి పంపకండి. చెప్పులేసుకుని బయల్దేరండి. ఇళ్లు కాలినవాళ్లనే అడగండి.