బచ్చలి బయటి మాటలు

మా వైపు స్నానాలగదిని బచ్చలి అంటారు. నేను కాపురానికి వచ్చిన మూడో రోజు పొద్దున మా అత్త ఆ బచ్చలి తలుపు ముందు పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. లోపల మా ఆయన స్నానానికి సిద్ధమవుతున్నాడు.

"ఆయప్ప బయటికొచ్చేదాకా నువ్వు మాట్లాడ్తానే ఉండాల" అంది అత్త.

"ఏం మాట్లాడాల?"

"ఏమన్నా మాట్లాడు. ఏమీ తోచకపోతే ఎక్కాలు చదువు. మాట మాత్రం ఆపొద్దు."

కొత్త కోడల్ని ఆట పట్టిస్తున్నారనుకొని నవ్వాను. అత్త నవ్వలేదు. తర్వాత ఆమే చెప్పింది. మా ఆయన అన్నను నా పెళ్లికి రెండేళ్ల ముందు బోరు కాడ స్నానం చేస్తుంటే నరికారట. ముఖం నిండా సోపు ఉంది. నీళ్ల చప్పుడులో అడుగుల చప్పుడు వినపడలేదు. అప్పటిదాకా మగవాళ్లంతా బోరు దగ్గరే పోసుకునేవాళ్లు. ఆ తర్వాత మా మామ పెరట్లో ఈ గది కట్టించాడు. చుట్టూ నల్లబండలు, కిటికీ లేదు, వేపచెక్క తలుపు. లోపల గడియ, బయట ఇంటి ఆడమనిషి. ఆమె గొంతు వినిపిస్తున్నంతసేపు భయం లేదు. వచ్చేవాళ్లు ముందుగా ఆమె నోరు మూస్తారు కాబట్టి కేక కోసం ఎదురు చూడకూడదు, మాట ఆగిందంటేనే లోపలున్న మనిషి లేవాలి. మా అత్త మామకు అట్లాగే కాపలా కాసింది. ఇప్పుడు ఆ పీట నాకు వచ్చింది.

మా అత్తగారి ఊరు జమ్మలమడుగుకు బస్సులో అరగంట. నా పుట్టిల్లు మైదుకూరు, మా నాయన బడిపంతులు. కొడవళ్లు చెరుకు కొట్టడానికే చూసినదాన్ని. పెళ్లి కుదిర్చిన మనిషి "వాళ్లకు కొంచెం తగాదాలుండాయి" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నేను పొలం గట్టు తగాదా అనుకున్నాను. చెప్పినవాడి మీద నాకు ఈనాటికీ కోపమే.

ఒకసారి వేరుశనగ గింజ గొంతులో అడ్డుపడి దగ్గు వచ్చి మాట ఆగింది. రెండు క్షణాలే. తలుపు దడాలున తెరుచుకుంది. ఒంటి మీద తడి తువ్వాలు, చేతిలో వేటకొడవలి, కళ్లలో నేనెప్పుడూ చూడని మనిషి. అప్పుడే లోపలికి వస్తున్న పాలాయన క్యాను అక్కడే పడేసి పరుగెత్తాడు. మళ్లీ మా ఇంటికి పాలు పోయలేదు. మా ఆయన తలుపు వేసుకొని మిగతా నీళ్లు పోసుకున్నాడు. నేను పదమూడో ఎక్కం అందుకున్నాను.

రోజూ పావుగంట మాట్లాడడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. ఎక్కాలు ఎన్నాళ్లు చదువుతాం? మెల్లగా నా సంగతులు చెప్పడం మొదలుపెట్టాను. మా అమ్మ చేతి రాగిసంగటి, మా నాయన బెత్తం, అత్త నన్ను అన్న మాటలు, నాకొచ్చిన కలలు. బయట ఉన్నప్పుడు మా ఆయన మనిషి దొరికేవాడు కాదు. ఎప్పుడూ చుట్టూ నలుగురు, కోర్టు వాయిదాలు, ఎన్నికలు, మా వర్గం పెద్దమనిషి పంపే కబుర్లు. ఇంట్లో పది మాటలు మాట్లాడితే అందులో తొమ్మిది ఎవరు ఎటు పోతున్నారనే. నా కాపురంలో నేను మొగుడికి చెప్పుకున్నదంతా ఆ తలుపుకే చెప్పుకున్నాను. లోపలి నుంచి ఎప్పుడూ జవాబు రాలేదు, చెంబు నీళ్లు పడిన చప్పుడు, మళ్లీ కొంచెం ఆగడం, మళ్లీ చెంబు. పొలంలో మోటారు ఆడుతున్నంతసేపు రైతు దాన్ని పట్టించుకోడు, ఆగితే లేచి చూస్తాడు. నా గొంతు కూడా ఆయనకు అంతే అనుకున్నాను. ఆ ధైర్యంతోనే ఏదైనా చెప్పగలిగాను.

ఆ ధైర్యంతోనే ఒకరోజు అనకూడని మాట అన్నాను.

అది నడి ఎండాకాలం. మా కూతురికి మూడేళ్లు. ఊరంతా మిద్దెల మీద పడుకునేది. మేము మాత్రం అన్ని తలుపులూ వేసుకొని లోపల ఉడికిపోయేవాళ్లం. పిల్లకు ఒళ్లంతా చెమటకాయలు, వీపు మీద గడ్డలు. అంతకుముందు రోజే పులివెందుల దారిలో మా వాళ్లలో ఒకడిని చంపారు. ఆ చావింటికి పోయి వచ్చాను. పొద్దున పీట మీద కూర్చొని, బిడ్డ వీపుకు పసుపు రాస్తూ మాట్లాడుతున్నాను. "పక్కింటోళ్లు మిద్దె మీద సల్లగా పండుకుంటాండారు. నువ్వు లేకుంటే మా మీదికి ఎవరొస్తారు? నేనూ బిడ్డా తలుపులు తీసుకొని పండుకుంటుంటిమి. ఒక్కోసారి నువ్వు పోయినా బాగుండు అనిపిస్తాంది" అన్నాను. అన్నాక నా మాటకు నాకే భయమేసింది. ఆపడానికి లేదు కదా, వెంటనే విత్తనపు శనక్కాయల సంగతికి దూకాను. ఆయన బయటికి వచ్చి, తల తుడుచుకొని, అన్నం తిని పోయాడు. మొహంలో ఏ మార్పూ లేదు. వినలేదని గుండె కుదుటపడింది.

కొన్నేళ్ల తర్వాత ఒక ఎన్నికలప్పుడు మా పెద్దమనిషీ అవతలి పెద్దమనిషీ ఒకే వేదిక ఎక్కి ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. అంతటితో ఫ్యాక్షను అయిపోయిందన్నారు. పోయినవాళ్ల పేర్లు ఆ వేదిక మీద ఎవరూ తలుచుకోలేదు. మా బావగారు ఎవరి కోసం చచ్చినట్టు అని అత్త ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ అడిగింది. ఆమె ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. మేము పిల్ల చదువు కోసం ప్రొద్దుటూరు చేరి ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. దాని వెనక కూడా బండలు పరిచిన బచ్చలే. వచ్చిన మరుసటి రోజే ఆయన లోపలికి పోయి నిలబడ్డాడు. నేను పీట తెచ్చుకున్నాను. ఎవరూ చెప్పలేదు, ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకోనూ లేదు. అట్లా ఇంకో పద్నాలుగేళ్లు.

పోయిన ఏడాది వానల్లో ఆయన ఆ బండల పాచి మీద జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేసిన డాక్టరు "ఈ బండలు తీసేయించండి, గరుకు టైల్సు వేయించండి, చెంబెత్తే పని లేకుండా షవరు పెట్టించండి" అన్నాడు.

"షవరొద్దు" అన్నాడు ఆయన. "మీద నుంచి నీళ్లు పడతాంటే చెవుల్లో ఏమీ వినపడదు."

డాక్టరుకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

కట్టు ఉన్న ఆరు వారాలూ నేనే లోపలికి పోయి నీళ్లు పోశాను. అప్పుడు చూశాను, ఆయన ముఖానికి సోపు రుద్దుకునే తీరు. ముందు ఒక పక్క రుద్ది, కడుక్కొని, తర్వాత రెండో పక్క. రెండు కళ్లూ ఒకేసారి మూయడు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో నాకా సంగతి తెలియదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. నీళ్లు పోస్తున్నాను కాబట్టి ఆయనకు తెలియలేదు. షవరు పెట్టించి తీరాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. ఈ మనిషి చచ్చేలోగా ఒక్కసారన్నా కళ్లు మూసుకొని స్నానం చేయాలి.

మేస్త్రిని పిలిపించి బండలు పగలగొట్టించాను. టైల్సు ఎంచుకోవడానికి ఇద్దరం కొట్టుకు పోయాం. ప్రొద్దుటూరులో టైల్సు అమ్మడం మామూలు విద్య కాదు. కొట్లో మనిషి మమ్మల్ని చూసి, ఊరేదని అడిగి, ఒక క్షణం ఆలోచించి బూడిద రంగువి ముందు పెట్టాడు. పసుపు చూపిస్తే ఒకరికి కోపం, నీలం చూపిస్తే ఇంకొకరికి కోపం. మనిషి ఎటువాడో తెలిసేదాకా బూడిద రంగే క్షేమం. "మాకు ఏ పార్టీ లేదు నాయనా, కాళ్లు జారకపోతే సాలు" అన్నాను. అతను మొహమాటంగా నవ్వి అటకల మీదివన్నీ దింపించాడు. పూలవి, చేపలవి, పాలరాయి లాంటివి. నాకు ఏదీ ఎక్కలేదు.

ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికంటా పోయి, గోడకు ఆనించిన ఒక టైలు ముందు నిలబడ్డాడు. తెల్లది, నున్నటిది, పైన సన్నటి ఆకుపచ్చ గీత.

"గోడలకు ఇది ఏపిద్దాం. కిందికి గరుకుది ఏదన్నా సూడు" అన్నాడు.

"ఇదెందుకు? ఆసుపత్రి మాదిరి ఉంది."

"నువ్వు చెప్తివి గదా. హాస్టల్లో జొరమొస్తే వార్డెనమ్మ తన బచ్చలికి తీస్కపోయి నీళ్లు పోసిందని. తెల్ల గోడలు, పచ్చ గీత. అట్లాంటి బచ్చలి ఉంటే దినమంతా ఆడనే కూచ్చుందునంటివి."

నేను కొట్లోని స్టూలు మీద కూర్చుండిపోయాను. జమ్మలమడుగులో మిషనరీ హాస్టల్లో రెండేళ్లు చదువుకున్న మాట నిజమే. జ్వరమూ నిజమే. ఆ వార్డెనమ్మ నా తల తుడుస్తూ పాడిన పాట ఇప్పటికీ చెవిలో ఉంది. కానీ ఆయనకు చెప్పిన గుర్తే లేదు. ఎప్పుడో ఏమీ తోచక ఆ తలుపుకు చెప్పి ఉంటాను. ఇల్లాలు అన్న మాట మొగుడు అన్నేళ్లు గుర్తు పెట్టుకుంటే ఎవరికైనా సంతోషమే కలుగుతుంది. నాకు మాత్రం ఆ ఎండాకాలం అన్న మాట గుర్తొచ్చింది. ఇది విన్నవాడు అదీ వినే ఉంటాడు.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అడిగితే ఒక బాధ, అడగకపోతే ఇంకో బాధ. ఆయనకు తెలియదన్న నమ్మకం మీదే ఇన్నేళ్లూ ఆ మనిషి ఎదురుగా కూర్చొని అన్నం పెట్టాను. ఐదో రోజు మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి పోయాడు. సగం టైల్సు అతికిన ఆ గదిలో ఆయన గోడ తడుముతూ నిలబడి ఉన్నాడు. నేను గడపలో నిలబడి అడిగేశాను.

"నేను బచ్చలి బయట చెప్పినేటివన్నీ నువ్వు వింటాంటివా?"

"వినకుంటే ఎట్లా?"

"అన్నీనా?"

"అన్నీ."

"ఆ ఎండాకాలం అన్న మాట?"

ఏ ఎండాకాలం అని ఆయన అడగలేదు. "విన్యా" అన్నాడు.

"మరి ఏమీ అనకపోతివే" అన్నాను.

"అబద్ధమైతే అందును. నువ్వు చెప్పింది నిజమే గదా. బిడ్డ వీపు నేనూ సూస్తాంటి." గోడ మీది పచ్చ గీత వెంట వేలు పోనిచ్చాడు. "ఆ పొద్దు నుంచి లోపల గడియ ఏసుకోలేదు."

"ఎందుకు?"

"మీకు నేను అడ్డమెందుకని. కొడవలి కూడా తీస్కపోలేదు. నువ్వు మాట ఆపి పక్కకు పోతే వాళ్లు రావడం, నేను పోవడం. అంతే గదా అనుకున్యా. దినామూ సూస్తాంటి, ఈ పొద్దు ఆపుతుందేమో అని." గోడ మీది నుంచి చెయ్యి తీసి నా వైపు తిరిగాడు. "నువ్వు ఒక్కనాడు కూడా ఆపకపోతివి."

చెమటకాయలు మానిపోయాయి, పిల్ల పెద్దదైంది, పెళ్లయి పులివెందులలో కాపురం చేసుకుంటోంది. అన్నేళ్లూ ఈ మనిషి రోజూ పొద్దున గడియ వేయని తలుపు వెనక నా మాట కోసం చెవులు పెట్టి నీళ్లు పోసుకున్నాడు. నేనేమో కూరగాయల సంగతీ కలల సంగతీ చెప్తూ కూర్చున్నాను. గొంతు నొప్పి ఉన్నా, జ్వరం ఉన్నా, ఆయన మీద ఒళ్లు మండిపోతున్నా చెప్తూనే ఉన్నాను. ఎందుకు ఆపలేదని నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు. ఆ గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఆయన దగ్గరికి వచ్చి పక్కన నిలబడ్డాడు.

మేస్త్రి భోజనం చేసి వచ్చాడు. మా ఇద్దరినీ చూసి, చూడనట్టే కొత్త తలుపుకు చుట్టిన అట్టలు విప్పి దాన్ని గోడకు ఆనించాడు.

"అన్నా, తలుపుకు లోపల గడియ పెట్టాల్నా, బయటొక్కటి సాల్నా?" అని ఆయన్ని అడిగాడు.

"ఆమెను అడుగు" అన్నాడు ఆయన.

"లోపల పెట్టప్పా" అన్నాను నేను. "గట్టిది పెట్టు."