జాకీ కింద కూరలు తరిగే చెక్క

పెళ్లయిన పదహారేళ్లలో మా అత్తగారు నాతో ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడలేదు. తగవేమీ లేదు. ఆవిడ పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ అల్లుడికి ఇచ్చే మర్యాద అది. నేను హాల్లోకి వస్తే సోఫాలోంచి లేచి నిలబడేవారు. నాకు చెప్పాల్సిన మాట ఏదున్నా మా ఆవిడకి చెప్పేవారు. నేను రెండడుగుల దూరంలో, చెవులు రెండూ పనిచేస్తూనే కూర్చుని ఉన్నా సరే, "మీ ఆయనకి ఇంకొంచెం పప్పు కావాలేమో అడుగు" అనేవారు. నేను కూడా మా ఆవిడ వైపు చూస్తూనే చాలని చెప్పేవాణ్ణి.

ఇక్కడే, ఆస్ట్రేలియాలో, పుట్టి పెరిగిన మా అమ్మాయికి ఈ ఏర్పాటు ఏమాత్రం మింగుడుపడలేదు. అమ్మమ్మ తన ద్వారా కబురు పంపబోతే, "అమ్మమ్మా, హీ ఈజ్ రైట్ దేర్. జస్ట్ టెల్ హిమ్" అని మళ్లీ ఫోన్లో తల దూర్చేది. ఆవిడ నవ్వేసి, పెరట్లో ఉన్న మా ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్లేవారు.

కారుకి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, క్యారవాన్, కొన్నది కూడా ఆవిడ కోసమే. బ్రిస్బేన్‌లో మా ఇంటి నుంచి సన్నీబ్యాంక్ అనే పేట పది నిమిషాలు. అక్కడ ప్రపంచంలోని తిండంతా దొరుకుతుంది, కానీ ఆవిడ అందులో ఏదీ ముట్టరు. బయటికి తీసుకెళ్తే అరటిపళ్ల మీద బతుకుతారు. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలని ఆవిడ అడిగితే, అడిగారంటే మా ఆవిడతో అడిగితే, రెండు రోజుల దారిలో ఈ మనిషికి ఏం పెట్టాలిరా అని ఆలోచించి, స్టవ్వూ సింకూ ఉన్న ఒక పాత క్యారవాన్ కొన్నాను. వంటిల్లే మన వెనకాల వస్తుందని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

బండి ఇంటికొచ్చిన రోజు ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. నేను వాటిని తొక్కించి దిగేసరికి, ఆవిడ ఎడమ చక్రం పక్కన వంగి, టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి చూస్తున్నారు. టైరు పక్కన నెర్రెలు పట్టిందని, మీ ఆయన్ని ఓసారి చూసుకోమని మా ఆవిడతో అన్నారు. ఆ మాట నా దగ్గరికి వచ్చేసరికి "అమ్మ టైర్లు పాతగా ఉన్నాయంటోంది" అయింది. నేను టైరు మీద గీతలు చూశాను. లోతుగానే ఉన్నాయి. ఇంకో పదివేల కిలోమీటర్లు నడుస్తుందని తీర్పు చెప్పాను. ఇంతకీ నా ఉద్యోగం ఏమిటంటే, వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం.

సెప్టెంబరు సెలవుల్లో బయల్దేరాం. రెండో రోజు మధ్యాహ్నం, హైవే మీద, వెనకాల ఏదో పేలినట్టు చప్పుడైంది. అద్దంలో చూస్తే క్యారవాన్ తోక అటూ ఇటూ ఊగుతోంది. గట్టిగా బ్రేకు వెయ్యకుండా మెల్లిగా వేగం తగ్గించి, అదృష్టవశాత్తూ దగ్గర్లోనే ఉన్న ఒక రెస్ట్ ఏరియాలోకి లాగాను. గులకరాళ్లు పోసిన నేల, నాలుగు యూకలిప్టస్ చెట్లు, ఒక బల్ల, ఆ చివరెక్కడో టాయిలెట్లు. దిగి చూస్తే ఎడమ టైరు సరిగ్గా ఆవిడ వేలు పెట్టి నొక్కిన చోటే చీలిపోయి ఉంది. ఆవిడ కూడా దిగి చూశారు. చెట్టు కింద మడతకుర్చీ వేసుకుని, అలవాటు ప్రకారం నాకు కాస్త వీపు పెట్టి కూర్చున్నారు.

సిగ్నల్ లేదు. ఉన్నా నేను ఎవరినీ పిలిచేవాణ్ణి కాదేమో. టైరు ఎలా మార్చాలో మూడు వీడియోలు చూసి ఉన్నాను మరి. టాయిలెట్లకి బయల్దేరుతున్న మా ఆవిడతో అత్తగారు ఏదో అన్నారు. "అవతలి చక్రానికి రాళ్లు పెట్టమంటోంది అమ్మ" అని ఆమె వెళ్తూ వెళ్తూ అరిచింది. హ్యాండ్‌బ్రేక్ ఉందిగా అన్నాను. మా ఆవిడా అమ్మాయీ వెళ్లిపోయారు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. తర్వాత నేను చేసిన పనులన్నీ ఆ బాపతే. క్యారవాన్ నాలుగు మూలల్లో మరతో దిగే కాళ్లుంటాయి. అవి బండి ఆగి ఉన్నప్పుడు లోపల నడిస్తే ఊగకుండా ఉండటానికే, బరువు మొయ్యడానికి కాదు. నేను వాటిని దించి, ఇక భయం లేదనుకున్నాను. జాకీని గులకరాళ్ల మీద నేరుగా పెట్టి బండి లేపాను. చక్రం గాలిలోకి లేచాక నట్లు విప్పబోయాను. అవి బిగుసుకుపోయి ఉన్నాయి. స్పానర్ మీద కాలు పెట్టి తొక్కాను. తొక్కినప్పుడల్లా బండి మొత్తం ఊగింది. చివరికి నట్లు వదిలాయి, చక్రం ఊడింది. విజయగర్వంతో దాన్ని పక్కన పడేస్తుంటే, మోకాలు తగిలి ఒక నట్టు దొర్లుకుంటూ బండి కిందికి పోయింది.

నేను నేలమీద పక్కకి పడుకుని, కుడిచెయ్యి భుజం దాకా కిందికి దూర్చాను. నట్టు వేళ్లకి తగులుతోంది, అందడం లేదు. అప్పుడే హైవే మీద పెద్ద లారీ ఒకటి పోయింది. దాని గాలికి క్యారవాన్ కిర్రుమంది.

"చెయ్యి తియ్యి."

ఎవరో ఎవరితోనో అంటున్నారనుకున్నాను. ఆ గొంతు నుంచి నేరుగా నాకు ఏ మాటా ఎప్పుడూ వచ్చింది లేదు.

"నిన్నే. నట్టు పోతే పోయింది. ముందు చెయ్యి బయటికి తియ్యి నాయనా."

ఆ మాట పూర్తవకముందే నా చొక్కా కాలరు వెనక్కి లాగింది ఒక చెయ్యి. డెబ్భై ఏళ్ల మనిషికి అంత బలం ఎక్కడిదో. నేను వెల్లకిలా పడ్డాను. జాకీ అడుగు ఒకవైపు గులకరాళ్లలోకి దిగబడి, పైభాగం మెల్లిగా, తొందరేమీ లేనట్టు ఒరిగింది. క్యారవాన్ దభేలున కిందపడింది. మూలనున్న కాలు అగ్గిపుల్లలా వంగింది. చక్రం ఊడిన చోట బ్రేకు డ్రమ్ము నేలలోకి బెత్తెడు దిగింది. నా చెయ్యి ఉన్నది సరిగ్గా అక్కడే.

కాసేపు ఇద్దరం నేలమీదే కూర్చున్నాం. ఆవిడ నా కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టు నుంచి వేళ్ల చివరల దాకా ఒక్కొక్క కణుపూ తడిమి చూశారు. అప్పటిదాకా ఆవిడ నన్ను తాకింది పెళ్లిలో నాకు కాళ్లు కడిగినప్పుడే. తర్వాత లేచి, కొంగు బొడ్లో దోపుకుని, రాళ్లు ఏరడం మొదలుపెట్టారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు పెద్దలు. బెజవాడలో మా అత్తగారి మెట్టినిల్లు లారీలు నడిపే ఇల్లని నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో ఆవిడ వంట ఒక్కటే చేసి ఉంటారని, ఎవరూ చెప్పకుండానే, నేను పదహారేళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఆ గంటలో ఆవిడ చేయించిన పని చూస్తే నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ముచ్చటేసింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. కారు క్యారవాన్‌కి తగిలించే ఉంచమన్నారు. కారు హ్యాండ్‌బ్రేక్, క్యారవాన్ హ్యాండ్‌బ్రేక్ రెండూ నా చేత మళ్లీ లాగించి చూశారు. అవతలి చక్రానికి ముందొక రాయి, వెనకొక రాయి పెట్టి, కాలితో తన్ని చూశారు. మూలల కాళ్లన్నీ పైకి తిప్పించారు. వంగినదాన్ని తాడుతో కట్టించారు.

తర్వాత క్యారవాన్ తలుపు తీసి లోపలికి చెయ్యి చాపి, ఆవిడ కూరలు తరిగే చెక్క పట్టుకొచ్చారు. రెండంగుళాల మందం, మంచి బరువు. దాని మీద ఇంకెవరైనా ఉల్లిపాయ తరిగితేనే ఒప్పుకోరు. గులకరాళ్లు పక్కకి తోసి, గట్టి నేల తగిలేదాకా గీకి, ఆ చెక్కని అక్కడ పరిచి దాని మీద జాకీ పెట్టమన్నారు. పైన సన్న రేకు తగలకూడదని, అడుగున పొడుగునా పోయే లావుపాటి ఇనపకమ్మీ చూపించి అక్కడ ఆనించమన్నారు. బండి జానెడు లేచాక ఆపి, చీలిపోయిన పాత చక్రాన్ని ఆ కమ్మీ కిందికి పడుకోబెట్టి తోయించారు. జాకీ తప్పినా బండి చక్రం మీద పడుతుంది, మనిషి మీద పడదు.

"జాకీ ఎత్తడానికి, మొయ్యడానికి కాదు. దాన్ని నమ్ముకుని కింద చెయ్యి పెట్టకు," అన్నారు.

నట్టుని గొడుగు కొనతో బయటికి లాగింది కూడా ఆవిడే. స్టెప్నీ ఎక్కించాక, ఒక నట్టు బిగిస్తే తర్వాత దాని ఎదురుగా ఉన్నది బిగించమన్నారు. అదీ ముందు వదులుగానే. బండి దించి, చక్రం నేలమీద ఆనాకే గట్టిగా బిగించాలి. అసలు విప్పేటప్పుడు కూడా నట్లు ఎత్తకముందే కాస్త వదులు చేసుకోవాలట, గాలిలో ఉన్న బండి మీద బలం చూపించకూడదట. వీడియోల్లో కూడా ఈ మాట చెప్పే ఉంటారు. నేనే ముందుకి జరిపేసి ఉంటాను.

మధ్యలో మా ఆవిడా అమ్మాయీ తిరిగొచ్చారు. "ఇటు పట్టుకో, కాస్త లేపు, చాలు, ఆగు" అని మా అత్తగారు నన్ను పురమాయిస్తుంటే, నేను బుద్ధిమంతుడిలా చేస్తున్నాను. మా ఆవిడ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "షీ ఈజ్ టాకింగ్ టు హిమ్," అంది అమ్మాయి చాలా మెల్లిగా.

పనయ్యాక చక్రానికి అడ్డం పెట్టిన రాళ్లని ఎక్కడివక్కడ చెట్ల మొదట్లో పెట్టించారు. రాయి దారిలో వదిలేస్తే వెనకొచ్చేవాడికి మనం గొయ్యి తవ్వినట్టేనట. ఆ తర్వాత చేతులు కడుక్కుని, బల్ల దగ్గర పెరుగన్నం కలపడానికి కూర్చున్నారు. మా ఆవిణ్ణీ అమ్మాయినీ ఆవకాయా పళ్లేలూ తెమ్మని లోపలికి పంపారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ లేచి నిలబడలేదు.

గిన్నెలో అన్నం మెదుపుతూ, హైవే వైపు చూస్తూ చెప్పారు. ఆవిడ కాపురానికొచ్చిన మూడో నెలట. రాత్రంతా వాన కురిసి, ఇంటి ముందు నేల మెత్తబడింది. ఆవిడ మావగారు లారీ చక్రం విప్పి, చెయ్యి లోపల పెట్టి ఏదో చూస్తున్నారు. ఈవిడ వసారాలో బియ్యం చెరుగుతూ, జాకీ అడుగు బురదలోకి దిగడం చూశారు. మావగారి ఎదుట కోడలు గొంతెత్తే ఇల్లు కాదది. చాట పక్కన పెట్టి, తన అత్తగారితో చెప్పిద్దామని లోపలికి వెళ్లారు.

"పప్పు రుబ్బుతోంది ఆవిడ. నేను వంటింటి గడప దాటేలోపే చప్పుడు వినపడింది," అన్నారు.

ఆ మావగారు తర్వాత పదకొండేళ్లు బతికారట. కుడిచెయ్యి లేదు. ఎడంచేత్తో అన్నం ముట్టుకోవడానికి ఆయన మనసొప్పక, రెండు పూటలా ఈవిడే అన్నం కలిపి, స్పూను అమర్చి పెట్టేవారట. ఎందుకంత ఓపిగ్గా చేస్తోందో ఎవరికీ తెలియదు. కోడలంటే ఇలా ఉండాలని ఊరంతా మెచ్చుకున్నారట.

"పోయేదాకా నన్ను బంగారుతల్లీ అనే పిలిచాడు ఆయన. నేను ముందే చూశానని చెప్పలేకపోయాను. మీ మావగారికీ చెప్పలేదు. ఇప్పుడు నీకే చెప్పడం."

ఇందాక జాకీ దిగబడుతున్నప్పుడు మా ఆవిడ టాయిలెట్ల దగ్గర ఉంది. కబురు చెప్పించాలంటే ఆ చివరిదాకా నడవాలి. అత్తగారు కుర్చీలోంచి లేచి ఎటు నడవాలో తేల్చుకున్న క్షణం గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అంతటి మనిషి నా ఎదుట పదహారేళ్లు లేచి నిలబడినందుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా ఆవిడా అమ్మాయీ ఆవకాయా పళ్లేలూ తెచ్చి కూర్చున్నారు. అత్తగారు మొదటి పళ్లెం నా ముందుకి జరిపి, "తిను," అన్నారు. ఆకలి లేకపోయినా ఆవకాయ నంజుకుని తిన్నాను. చివరి ముద్ద అయ్యేదాకా ఆవిడ తన పళ్లెం ముట్టకుండా, నా కుడిచేతినే చూస్తూ కూర్చున్నారు.