గిన్నెలో ఐదు చింతగింజలు

మా అక్క కూతురు హైదరాబాద్‌లో రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేసేది. జనానికి ప్రభుత్వం మీద నమ్మకం ఎంత అన్నది ఆమె అంశం. "నమ్మకానికి మీటరున్నదా?" అన్నాను. "అదే ఎతుకుతున్న మామా" అంది. పత్రిక పని మీద అడవి ఊళ్లన్నీ తిరిగినవాణ్ని కనుక, కొత్తగూడెం దగ్గరి చండ్రుగొండ అవతలికి నన్ను తోడు తీసుకెళ్లింది.

చదువు రానివాళ్ల కోసం చింతగింజలు తెచ్చింది. నమ్మకం అసలు లేకుంటే గిన్నెలో ఒక గింజ, పూర్తిగా ఉంటే ఐదు వేయాలి. మూడు రోజుల్లో నలభై ఇళ్లు తిరిగాం. దాదాపు అందరూ ఐదే వేశారు. నాకు అనుమానం, ఆమెకు సంతోషం. ఈ కాగితాలతో సోమవారం గైడ్ ముందు కూర్చోవాలి. అప్పటికే రెండుసార్లు గడువు అడిగింది.

చివరి ఇంటి ముసలమ్మ పోడు భూమి పట్టాకు దరఖాస్తు పెట్టుకుంది. ఆమె కూడా ఐదు గింజలూ వేసి, దూలానికి వేలాడే ప్లాస్టిక్ సంచి దించింది. అందులో దరఖాస్తు అందినట్టు ఆఫీసు ఇచ్చిన రసీదు, దాని జిరాక్సులు నాలుగు.

"జర చూడు బిడ్డా, అచ్చు చెరిగిపోతాందా?"

"లేదవ్వా. గిన్ని జిరాక్సులెందుకు?"

"ఆఫీసోళ్లు పోగొడ్తరు. అసల్ది ఎన్నడియ్య. ఇంకోటి మా చెల్లె ఇంట్ల దాసిన."

"మరి ఐదు గింజలేసినవు?"

"ఎండల పడి వస్తివి. ఇంటికొచ్చిన పిల్లకు తక్కువేస్తమా? ఎక్కువైతే నీకు మార్కులొస్తయని ఊరంత అనుకున్నం."

అడవిలో సెల్‌కు సిగ్నల్ ఉండేది కాదు. చండ్రుగొండ వచ్చాక గైడ్‌కు ఫోన్ చేసి సోమవారం రాలేనని చెప్పింది. "నలభై ఇళ్లు మళ్లీ అడగాలి సార్" అంది. అవతల ఆయన ఏమన్నారో నాకు చెప్పలేదు. టీ కూడా తాగలేదు. నా పెన్ను తీసుకుని గింజల ప్రశ్న కొట్టేసి, ఆఫీసులో అసలు కాగితం ఇచ్చి వస్తారా, జిరాక్సులు ఎన్ని దాచుకున్నారు అని రాసుకుంది.

మర్నాడు మమ్మల్ని చూడగానే ముసలమ్మ నవ్వింది.

"ఫెయిలైనవా బిడ్డా?"

"అవ్ అవ్వా, ఫెయిలైన."

"ఏంది, ఐదు సాలలేదా? తే, ఇంకో రెండేస్త."

కొత్త ప్రశ్నలకు అరుగు మీద కూర్చుని తీరిగ్గా జవాబు చెప్పింది. మేం లేవబోతుంటే సంచిలోంచి అసలు రసీదు తీసి నా మేనకోడలి చేతిలో పెట్టింది.

"కొత్తగూడెంల మంచి మిషినుంటదట. ఇంకొక జిరాక్సు తీసుకరా."

ఆమె ఆ రసీదును నోట్‌బుక్కులో పెట్టి, నోట్‌బుక్కును తన భుజం సంచిలో పెట్టుకుంది. కొత్తగూడెం చేరేదాకా నా స్కూటరు వెనక, ఆ సంచిని భుజానికి తగిలించకుండా ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది.