నిద్రపోయే కారుకు ఊడ్చే వంతు

మా పొరుగావిడ రోస్‌విథా బాయెర్లె వాడే చక్రాల కుర్చీ ప్లగ్గును మా భవనంవాళ్లు పీకేశారు. ఆ చోట ఒక కారు ప్లగ్గు పెట్టారు.

స్టుట్‌గార్ట్‌లోని మా భవనం గ్యారేజీలో సాకెట్టు ఒక్కటే. ఆ కరెంటు అందరి ఉమ్మడి ఖాతాలోది. రోస్‌విథా వయసులో ఉన్నంతకాలం ఫ్యాక్టరీలో కార్ల సీట్లకు తోలు కుట్టింది. మోకాళ్లు అరిగాక బ్యాటరీ కుర్చీ వచ్చింది. అది మెట్లెక్కదు గనుక గ్యారేజీలోనే ఉంటుంది. దానిమీదే ఆమె రోజూ మధ్యాహ్నం గుట్టపైని వృద్ధాశ్రమానికి వెళ్లి భర్త యూగెన్‌కు సూపు తాగిస్తుంది. మతి తప్పిన ఆ మనిషి ఇంకెవరు పెట్టినా నోరు తెరవడు.

ఇప్పుడు సాకెట్టును అనుభవిస్తున్నది పళ్ల డాక్టరు ఎంట్రెస్ గారి ఎర్ర స్పోర్ట్స్ కారు. దాని నంబరు పలక వేసవికే చెల్లుతుంది, చలికాలంలో రోడ్డెక్కే వీల్లేదు. చలికాలమంతా అది దుప్పటి కప్పుకొని, లేచి నడిచే ఉద్దేశమే లేని రోగి సెలైన్ ఎక్కించుకున్నట్టు, బ్యాటరీలోకి చుక్కచుక్కగా కరెంటు ఎక్కించుకుంటుంది. భవనంలోని ఫ్లాట్ల యజమానుల సభ దానికోసం ఒక తీర్మానం కూడా చేసింది: ఉమ్మడి సాకెట్టు ‘నిద్రావస్థలో ఉన్న వాహనానికే’. రోజూ తిరిగే కుర్చీ మెలకువగా ఉన్నది గనుక అనర్హం. ఇంత సిగ్గులేని నిర్వచనానికి వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు.

ప్లగ్గు పీకిన మర్నాడు కుర్చీ గుట్ట సగంలో ఆగిపోయింది. దారిన పోయేవారు ఆమెను వెనక్కి తోసుకొచ్చారు. యూగెన్ ఆ పూట పస్తున్నాడు. సాయంత్రం మెట్ల దగ్గర ఎంట్రెస్ ఎదురుపడితే ఆమె సాకెట్టు మాట ఎత్తింది.

“చూడండి బాయెర్లె గారూ, అది నిద్రలో ఉంది. మధ్యలో కరెంటు తీసేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది,” అన్నాడు ఆయన, పసిబిడ్డకు చెప్పినంత ఓపికగా.

“నెలల తరబడి కదలకుండా పడుంటే మా ఇళ్లల్లో దాన్ని నిద్ర అనరు డాక్టరు గారూ, పాదిరిని పిలుస్తారు. మా ఆయన మాత్రం మెలకువగానే ఉన్నాడు. ఆకలితో.”

ఆయన గడియారం చూసుకొని వెళ్లిపోయాడు.

మా వైపు ఇంటింటికీ వంతులవారీగా భవనం మెట్లూ గ్యారేజీ ఊడ్చే వారం వస్తుంది. వంతు వచ్చినవారి తలుపుకు చెక్కపలక తగిలిస్తారు. ఆ వారం పలక రోస్‌విథా తలుపుకు వేలాడింది. ఆమె స్టూలు జరుపుకుంటూ, దానిమీద కూర్చొని, కారు చుట్టూ ఊడ్చింది. చీపురు తీగకు తగలనివ్వొద్దని ఎంట్రెస్ కబురు పంపాడు. ఆమె తగలనివ్వలేదు. ఇప్పుడు ఎవరైనా ఆమెను కారులో తీసుకెళ్లిన రోజే యూగెన్ తింటున్నాడు.

యజమానుల సభకు చెబుతున్నాను. ఉమ్మడి కరెంటు తాగే హక్కు ఇచ్చారంటే, ఆ కారు ఈ ఇంటి నివాసి అని మీరే ఒప్పుకున్నట్టు. అలాగైతే ఊడ్చే పలక తెచ్చి దాని అద్దానికి తగిలించండి, దాని వంతు అది ఊడ్చాలి. ఊడ్చలేదంటారా, తీగ పీకండి. ఈ రాత్రే కుర్చీకి సాకెట్టు ఇవ్వండి. రేపు మధ్యాహ్నం యూగెన్ నోరు తెరవాలి.