పక్క గదిలోని గొంతు

అమీర్‌పేటలో మా ఇన్‌స్టిట్యూట్ మూడో అంతస్తులో ఉండేది. ఒకే పెద్ద హాలును ప్లైవుడ్ గోడతో రెండు గదులు చేశారు. ఇటు నేను, అటు నాకన్నా పదేళ్లు పెద్దవాడైన ఒక సారు. ఇద్దరం చెప్పేది ఒకే కోర్సు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు మూడు రోజులు డెమో క్లాసులుంటాయి. పిల్లలు రెండు గదుల్లోనూ కూర్చుని చూసి, ఎవరి దగ్గర చేరాలో తేల్చుకుంటారు.

సరిగ్గా ఆ మూడు రోజులే ఆయన గొంతు మరీ పెరుగుతుందని నా అనుమానం. నేను ఒక ఉదాహరణ మొదలుపెట్టగానే ఆయన పాఠం గోడ దాటి వచ్చేసేది. నా ముందు కూర్చున్న పిల్లలు ఆయన చెప్పేది రాసుకోవడం కళ్లారా చూశాను. ఒకరోజు ఆయన గది తలుపు దగ్గరికి వెళ్లి, "సార్, కాస్త మెల్లగా చెబుతారా?" అని అడిగాను. ఆయన బోర్డు మీద రాస్తూనే ఉన్నారు. వినీ విననట్టు నటిస్తున్నారనుకున్నాను. ఆ సాయంత్రమే ఓనరు గారికి ఫిర్యాదు చేశాను.

వారం తిరక్కుండానే ఓనరు గారు ఒక మేస్త్రీని పంపారు. పంజాగుట్టలో ఆఫీసులకూ రికార్డింగ్ గదులకూ చప్పుడు దాటని గోడలు కట్టీ కట్టీ జుట్టు నెరిసిన మనిషి. చేతిలో శబ్దం కొలిచే చిన్న మీటరు. నిచ్చెన ఎక్కి, ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి జరిపి, లోపలికి టార్చి వేసి చూశాడు.

"మేడం, గోడ గీడికే ఆగింది. స్లాబు దాక పోలే. ఆవాజ్ మొత్తం పైకెల్లి వస్తున్నది. కింద ఎంత దూది కొట్టినా ఫాయిదా లేదు."

తర్వాత సారును ఖాళీ గదిలోనే మామూలుగా పాఠం చెప్పమని, ఇటువైపు నుంచి కొలిచాడు. అంకెలు రాసుకున్నాక గోడ దగ్గర నిలబడి, "సార్, బస్! ఇగ ఆపుండ్రి!" అని కేకేశాడు. పాఠం ఆగలేదు. మళ్లీ కేకేశాడు. అయినా ఆగలేదు.

"చూశారా? కావాలనే చేస్తారండీ," అన్నాను.

మేస్త్రీ ఆ గదికి నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను. సారు మాకు వీపు పెట్టి బోర్డు మీద రాస్తున్నారు. మేస్త్రీ ఆయన వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన ఉలిక్కిపడలేదు. రాయడం ముగించి ఇటు తిరిగి, మా ఇద్దరినీ చూసి, మొహం మాడ్చుకున్నారు.

వరండాలోకి వచ్చాక మేస్త్రీ గొంతు తగ్గించి చెప్పాడు. "సారుకు వినవడుతలేదు మేడం. మా అన్న సుత గిట్లనే ఉండె. కటింగ్ మిషన్ కాడ పనిచేసి చేసి చెవులు పోయినయ్. ఎవ్వరికీ చెప్పలే."

నేను నమ్మలేదు. మర్నాడు కింద టీ కొట్టు దగ్గర సారు పక్కనే నిలబడి, ఆయన వైపు చూడకుండా, "వాన పడేలా ఉంది కదా సార్?" అన్నాను. "లేదు మేడం, నేను చక్కెర వేసుకోను," అన్నారు. అప్పుడు కూడా, మేస్త్రీ నాతో అన్నది ఎలాగో తెలుసుకుని జాలి కోసం ఇలా చేస్తున్నారేమోననే అనిపించింది. కానీ ఆ రాత్రి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పిల్లలను డౌట్లు చీటీల మీద రాసిమ్మంటారు. ఫోనెత్తరు, మెసేజ్ పెడతారు. అదంతా పొగరనుకున్నాను ఇన్నాళ్లూ.

గోడ స్లాబు దాకా లేచింది. నా గది నిశ్శబ్దమైపోయింది. పదిరోజుల తర్వాత ఆయన బ్యాచ్ అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చి, "సార్‌ను ఒకటడిగితే ఇంకోటి చెబుతున్నారు మేడం," అంది. ఇక ఆగలేక ఆయన గదికి వెళ్లి, ఎదురుగా కూర్చుని అడిగాను.

"మీకు సరిగ్గా వినబడటం లేదా సార్?"

ఆయన నా మొహంలోకే చూస్తూ అడిగారు. "ఓనరుకు చెప్పిండ్రా?"

"లేదండీ. చెప్పను కూడా."

"గా మీటరు నన్ను పట్టేతందుకే తెచ్చిండ్రనుకున్న. ఇద్దరూ వచ్చి నా ఎన్క నిలబడ్డరు కద."

"మీ గొంతు మీద ఫిర్యాదు చేసింది నేనే సార్. చెవుల సంగతి నాకప్పుడు తెలీదు. అసలు అంత గట్టిగా ఎందుకు చెబుతారు?"

"నా గొంతు నాకు వినబడాలె కద మేడం."



నేను చెప్పననే మాట ఆయన నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే తానే వెళ్లి ఓనరు గారికి చెప్పేశారట, నాకంటే ముందు చెబితే కాస్త మర్యాద మిగులుతుందని. ఓనరు గారు గొణుక్కుంటూనే చిన్న బ్యాచ్‌లు ఇచ్చి ఉంచుకున్నారు. పంజాగుట్టలో చెవి డాక్టరు దగ్గరికి నన్ను తోడు రమ్మన్నారు సారు. డాక్టరు చెప్పేది తప్పుగా వింటానని భయం.

చెవి మిషన్లు పెట్టుకున్న మొదటివారం ఆయనకు నరకమే. ఫ్యాను, కుర్చీల రాపిడి, బోర్డు మీద పెన్ను కీచుమనడం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. మేస్త్రీ మళ్లీ వచ్చి, ఆయన గది గోడలకు మందపాటి గుడ్డ బిగించి, కుర్చీల కాళ్లకు రబ్బరు వేశాడు.

ఆ సాయంత్రం సారు క్లాసు మధ్యలో లేచి నా తలుపు దగ్గరికి వచ్చారు. గొంతు బాగా తగ్గింది.

"మేడం, గీ ఎన్క బెంచీలోళ్లు ఇన్నేండ్ల సంది గిన్ని ముచ్చట్లు పెడుతున్నరా?"

"ఇంకా ఎక్కువే సార్," అన్నాను.