కొండకు మొక్కుకున్న మాంగా

ఒక ప్రాణం నిలబెట్టమని దేవుడికి ఇచ్చేసినదాన్ని మీరు వెనక్కి తీసుకుంటారా? ‘తీసుకోం’ అని తేలిగ్గా చెప్పేయకండి. తిరుత్తణి పక్క పల్లెలో పుట్టి, తిరువళ్ళూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కాంచన కూడా అలాగే అనుకునేది. అనుకోవడమే కాదు, ఐదేళ్ళు ఆ మాట మీద నిలబడింది.

ఆమె ఇచ్చింది జుట్టు కాదు, నగ కాదు, ఒక కథ. జపాన్ వాళ్ళు బొమ్మల్లో గీసి, కుడి నుంచి ఎడమకు చదివించే మాంగా. చీకటీ నెత్తురూ నిండిన కథ. అందులో ప్రతి ఊరి కిందా ఒక గొయ్యి, ఆ గోతిలో ఒక జీవి. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, మిగిలినవాళ్ళు తమకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని ఆ గోతిలో వదలాలి. మనిషి దక్కుతాడు, వదిలినది దక్కదు. ఒకడు పాట వదిలాడు, ఒకతె బిడ్డ పేరే వదిలింది. తన ఊరు పోగొట్టుకున్నవన్నీ తిరిగి తేవడానికి ఒక పిల్ల గోతిలోకి దిగుతుంది.

ఆ కథను కాంచన ఒంటరిగా చదవలేదు. తమ్ముడు ముకేశ్ అప్పుడు బడిపిల్లవాడు, తమిళం తప్ప మరొకటి చదవలేడు. ఫోనులో ఇంగ్లీషు చూసి ఆమె వాడికి ఇంటి తెలుగులో చెప్పేది. గోతిజీవికి మాత్రం షేర్ ఆటో డ్రైవరు తమిళం పెట్టేది. వాడు వేరుశనక్కాయలు ఒలవడం మరిచి వినేవాడు. “చేతులాడిస్తే ఆ దెయ్యం ఏమన్నా కరుస్తాదా?” అని తల్లి అలమేలు సణిగేది. మరునాడు ఆ తల్లే, “ఆ పిల్ల బయటికొచ్చినాదా లేదా?” అని ఆరా తీసేది.

అంతలో ముకేశ్‌కు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. ఆస్పత్రి వరండాలో మేనమామ కావడి మొక్కాడు, అలమేలు తలనీలాలు మొక్కింది. తిరుత్తణి మురుగన్ కొండ వైపు తిరిగి నిలబడిన కాంచన, “స్వామీ, ఇంక ఆ కథ ముట్టను” అనుకుంది. ఎంతకాలమో అనుకోలేదు. ఆమె చేసిన పొరపాటల్లా అదే. కావడి మోస్తే కావడి మొక్కు తీరుతుంది, గుండు చేయించుకుంటే తలనీలాల మొక్కు తీరుతుంది. గడువే లేని మొక్కు ఎప్పటికి తీరాలి? ఒంటిగది అద్దె ఒప్పందంలో కూడా గడువు రాసుకునే మనుషులం, దేవుడి దగ్గర మాత్రం ఖాళీ కాగితం మీద సంతకం పెట్టేస్తాం.

ముకేశ్ బతికాడు. ఆస్పత్రి చుట్టూ తిరగడంలో కాంచన కాలేజీ పరీక్ష ఒకటి తప్పిపోయింది. ఇంటికి వచ్చిన సాయంత్రమే, “అక్కా, గోతిలో ఏమైనాదో చెప్పు” అన్నాడు. మొక్కు బయటపెడితే ఫలం పోతుందని కాంచన భయం.

“విసుగొచ్చేసినాది రా. అదంతా చిన్నపిల్లోళ్ళ యవ్వారం.”

వాడు మళ్ళీ అడగలేదు. ఆ కథ గురించే కాదు, మరి దేని గురించీ అడగలేదు. వాడి మార్కులూ, ఆవడి ఫ్యాక్టరీలో దొరికిన అప్రెంటిస్ పనీ, అన్నీ ఆమెకు తల్లి చెబితేనే తెలిశాయి. ఒకే ఇంట్లో ఇద్దరూ అద్దెకున్నవాళ్ళలా మెలిగారు.

ఈ ఏడు ఆ కథ ముగిసింది. ఆదివారం ఆవడి నుంచి ఇంటికి వచ్చిన ముకేశ్ చివరి సంపుటాన్ని ఆమె సంచిలో పెట్టాడు.

“కడాసి పుస్తకం. ముందువి చదివినా గానీ, ఇది నేను గూడా ఇంకా తెరవలా. నీకు అక్కర్లేకపోతే రైల్లో ఎవురికన్నా ఇచ్చెయ్.”

ఇన్నేళ్ళకు వాడు చాచిన చెయ్యి అది. దాన్ని తోసెయ్యడం ఆమె వల్ల కాలేదు. సోమవారం ఉదయం రైలెక్కి, ఎప్పుడో ఆపేసిన అధ్యాయాన్ని ఫోనులో వెతికి పట్టుకుంది. తిరువళ్ళూరు దాటిపోయినట్టు కూడా తెలియలేదు. పుట్లూరులో దిగి వెనక్కి రావలసి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం ముకేశ్ ల్యాబుకు వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“జొరం అక్కా. ఫ్యాక్టరీవోళ్ళు డెంగీ టెస్టు చేయించుకుని రమ్మన్నారు.”

“ఎప్పుట్నించి?”

“సోమారం పొద్దున్నించి.”

కాంచన చేతిలోని సూది తప్పింది. రెండోసారీ తప్పింది.

“ఊరంతటికీ నెత్తురు తీసేదానివి, నా నరం ఒక్కటీ కనపడలేదా?” అని వాడు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. తోటి ఉద్యోగి ఉషా వచ్చి నెత్తురు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాంచన ఇక దాచలేకపోయింది. మొక్కూ, సోమవారపు రైలూ, అన్నీ చెప్పేసింది. అదే సమయానికి తల్లి ఫోన్ చేస్తే ఆమెకూ చెప్పింది.

“దేవుడికిచ్చినదాన్ని ముట్టుకుంటారా పాపా?” అంది స్పీకరులో అలమేలు. “ఆ పుస్తకం కొండ మీదికి తీసుకుపోయి హుండీలో ఏసెయ్. ఇంకెప్పుడూ చదవనని మళ్ళా మొక్కుకో.”

“హుండీలో ఏస్తే లెక్కపెట్టేవోళ్ళు చదువుకుంటారు మా. పుణ్యం వాళ్ళకి,” అన్నాడు ముకేశ్.

“నోరు మూసుకో రా. ఇన్నాళ్ళూ నిన్ను కాపాడింది ఆ మొక్కే.”

ముకేశ్ అక్క వైపు తిరిగాడు. “అంటే, విసుగొచ్చి కాదా నువ్వు వదిలేసింది?”

“నీకోసం రా.”

“నా ఆస్పత్రి తిరుగుళ్ళలో నీ పరీక్ష పోయినాదని కోపం అనుకున్నా. ఇన్నేండ్లూ అదే అనుకున్నా.” చేతి మీది దూదిని నొక్కుకుంటూ మళ్ళీ అన్నాడు. “ఇష్టమైంది గుంజుకుని మనిషిని వదిలేది ఆ గోతిలోది అక్కా. మన మురుగన్‌ని తీసుకుపోయి దాని పక్కన కూర్చోబెట్టినావే.”

ఇన్నాళ్ళూ ప్రతి నెలా కృత్తిక నక్షత్రం రోజున తాను కొండెక్కింది భక్తితోనా, బాకీ పడ్డవాళ్ళు ముఖం చూపించడానికి వెళ్ళినట్టా? కాంచన తేల్చుకోలేకపోయింది. లోపల పరీక్ష జరుగుతోంది. ఫలితం మంచిదైతే చదవడం సులువు. చెడ్డదైతే ఈ జన్మలో ఆ కథ వైపు చూడదు, తమ్ముడికి జబ్బు తెచ్చింది తానేనన్న నమ్మకం ఇక వదలదు. రిపోర్టు చూసి నిర్ణయించుకోవడమంటే మళ్ళీ బేరానికి దిగడమేనని ఆమెకు తోచింది.

“అమ్మా, రిపోర్టు ఎట్లొచ్చినా డాక్టరుకాడికి పోతాం. చేరమంటే చేరిస్తాం. కథ మటుకు ఇంక వదల్ను,” అని ఫోన్ పెట్టేసింది.

“యాడిదాకా వచ్చినావు?” అడిగాడు ముకేశ్.

“ఆ పిల్ల రెండో గొయ్యి దాటినాది.”

“అక్కడ్నించే చెప్పు. నేనొక్కణ్ణే ఇంగ్లీషులో చదివింది సగం అర్థం కాలా.”

ఉషా ఇంకా బయటికి రాలేదు. లోపలి నుంచి ఏ అంకె వచ్చినా ఆపకూడదని నిశ్చయించుకుని, కాంచన తమ్ముడి పక్కన బల్ల మీద కూర్చుని, ఫోను తెరిచి ఇంటి తెలుగులో చదివి చెప్పడం మొదలుపెట్టింది.